మంచు ట్రెక్కింగ్‌కు జనవరి మేలా, ఏప్రిల్ మేలా?

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, మా హన్మకొండ పిల్లలు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా శిఖరానికి ప్లాన్ వేసేస్తారు. పాండవుల గుట్టల్లో తాడు పట్టుకుని ఎక్కినవాళ్లకైతే ధైర్యం ఇంకా ఎక్కువ. కానీ రాయిని చేత్తో తడిమి చూసుకోవచ్చు, మంచు అడుగున ఏముందో పైకి తెలియదు.

అందంలో జనవరిదే పైచేయి, కాదనను. చిక్కంతా అవలాంచ్‌తోనే, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి జారడంతోనే, దానికి మూలం లోపలి పొరలు. చలికాలం మొదట్లో మంచు పల్చగా పడుతుంది, దాని కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలేమో మైనస్ పదికి, పదిహేనుకు పడిపోతుంది, ఈ తేడాకు లోపలి ఆవిరి పైకి కదులుతూ అడుగు పొరను ఒకదానికొకటి అతుక్కోని పంచదార పలుకుల్లా చేసేస్తుంది. ఆ తర్వాత వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వచ్చే చలికాలపు తుఫాను లాంటిది, వచ్చి రెండు మూడు రోజుల్లో దానిమీద బోలెడు కొత్త మంచు పోస్తుంది, గాలి దాన్ని గట్టి పలకగా మారుస్తుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో అలాంటి పలక మీద ఒక్క మనిషి కాలు పెట్టినా మొత్తం తెగి జారొచ్చు. అవలాంచ్‌లో చిక్కుకుని చనిపోయినవాళ్లలో ఎక్కువమంది విషయంలో ఆ పలకను కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టులోని వాళ్లో. ఆ బలహీన పొర వారాల తరబడి అలాగే ఉండిపోతుంది కూడా.

ఏప్రిల్లో పగలు కరిగి రాత్రి గడ్డకట్టి పొరలు చాలావరకు కలిసిపోతాయి. తెల్లవారుజామున గట్టిగా ఉండే మంచు ఎండెక్కాక తడిసి జారుతుంది, అంటే ప్రమాదానికి కాస్త టైమ్ టేబుల్ ఉన్నట్టే. చీకటితో బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఏటవాలు దాటేయాలి. అలాగని ధీమా వద్దు, 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా దారిలో ఏడుగురు పర్యాటకులు మంచు కింద పడి చనిపోయారు.

గైడ్ ఉన్నాడుగా అంటారు. 2022 అక్టోబర్‌లో ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద అవలాంచ్‌లో చిక్కుకుంది పర్వతారోహణ శిక్షణ జట్టే, 27 మంది చనిపోయారు, ఇద్దరు అప్పట్లో దొరకనే లేదు. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పదిహేను నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, అరగంట దాటితే బాగా పడిపోతుంది. అంతలో బయటి సాయం రాదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి. అందుకే బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉన్నాయా అని డబ్బు కట్టే ముందే అడగండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు ఏప్రిల్ మొదటి వారాలకే, కింద మంచు తక్కువున్నా సరే. కేదార్‌కంఠా మామూలు దారి చాలావరకు అడవిలోంచే కాబట్టి జనవరిలో అసలు వెళ్లకూడదని అనను, కానీ ఫొటోల కోసం దారి వదిలి బోడి వాలుల్లోకి దిగొద్దు. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే అవలాంచ్ హెచ్చరికల బులెటిన్ రోజూ చూడండి. పెద్ద మంచు కురిశాక కనీసం ఒకటి రెండు రోజులు ఆగాలి, కాబట్టి కాజీపేటకు తిరుగు టికెట్ అనుకున్నదానికన్నా రెండు రోజులు ఆలస్యంగా తీసుకోండి, రైలు తప్పుతుందన్న టెన్షన్‌తోనే చాలామంది ఆగాల్సిన రోజు నడుస్తారు.