హార్డ్‌వేర్ వాలెట్ ఏళ్లుగా వాడాక చెప్తున్నా, ముందు రికవరీ నేర్చుకోండి

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు తెలుగు కుర్రాళ్లంతా "అన్నా, బిట్‌కాయిన్ ఏ యాప్‌లో కొనాలి" అనే అడుగుతారు, కొన్నాక ఎక్కడ పెట్టాలో ఒక్కడూ అడగడు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు క్రిప్టో ఎక్స్‌చేంజ్ (కాయిన్లు కొని అమ్మే యాప్) నుంచి 23 కోట్ల డాలర్ల పైన విలువున్న క్రిప్టో హ్యాకర్లు ఎత్తుకెళ్లాక, అందులో పెట్టినవాళ్లు నెలల తరబడి తమ కాయిన్లు బయటకి తీసుకోలేకపోయారు. ఎక్స్‌చేంజ్‌లో కనపడే బ్యాలెన్స్ వాళ్లు మనకివ్వాల్సిన బాకీ అంతే, కాయిన్లని కదిపే రహస్య నంబర్, అదే కీ, వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఆ కీని మన దగ్గరే దాచుకునే చిన్న డివైసే హార్డ్‌వేర్ వాలెట్, నాది పెన్‌డ్రైవ్ సైజులో రెండు బటన్లతో ఉంటుంది, ఇన్నేళ్లలో ఇబ్బంది పెట్టలేదు. కాకపోతే కాయిన్లు దాంట్లో ఉండవు, అవెప్పుడూ బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ లెక్కల పుస్తకం మీదే, ఇందులో ఉండేది వాటిని కదిపే కీ, ఆ కీ సెటప్‌లో వచ్చే 24 ఇంగ్లిష్ పదాల నుంచే పుడుతుంది. అందుకే డబ్బులు పెట్టకముందే కావాలని మూడుసార్లు తప్పు పిన్ కొట్టా, నా మోడల్‌లో అలా చేస్తే మొత్తం చెరిగిపోతుంది, తర్వాత ఆ పదాలు రాసుకున్న పేపర్ చూసి అన్నీ మళ్లీ ఎక్కించా, రికవరీ అంటే ఇదే. బటన్లతో ఒక్కో అక్షరం జరుపుతూ కొట్టడానికి ఓపిక కావాలి గానీ పదానికి నాలుగక్షరాలు చాలు, లిస్టులోని 2048 పదాల్లో ఏ రెండింటికీ మొదటి నాలుగూ కలవవు. చివర్లో పాత అడ్రసే (కాయిన్లు అందుకునే అకౌంట్ నంబర్ లాంటిది) వచ్చింది, ఆ తర్వాతే పెద్ద మొత్తం పంపా.

పేపర్ తడిస్తే పోతుంది కదా, ఎస్‌పీ రోడ్‌లో అక్షరాల పంచ్ సెట్ కొని, గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు స్టీలు రేకు మీద ఆ పదాలు నేనే కొట్టుకున్నా. షాపువాళ్లతో మాత్రం కొట్టించొద్దు, ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. ఆ రేకు ఎక్కడుందో మా ఆవిడకి తెలుసు, రేపు నాకేమన్నా అయినా పిన్ లేకుండానే తీసుకోగలదు. కస్టమర్ సపోర్ట్ అని ఎవడు పదాలు అడిగినా వాడు దొంగే, డౌటే లేదు.

ఇంకోటి, కాపీ చేసిన అడ్రస్‌ని పేస్ట్ చేసేటప్పటికి మార్చేసే వైరస్‌లు ఉన్నాయి, లాప్‌టాప్‌ని నమ్మకుండా డివైస్ స్క్రీన్ మీద అడ్రస్ మొత్తం చూసుకుని అప్పుడు ఓకే కొట్టండి.

కొద్దిగా కొనేవాళ్లకి డివైస్ అక్కర్లేదు, ఫోన్‌లో బ్లూవాలెట్ లాంటి వాలెట్ యాప్ చాలు, రికవరీ ప్రాక్టీస్ మాత్రం అందులోనూ చెయ్యండి. డివైసే కావాలంటే సెకండ్‌హ్యాండ్ వద్దు, కంపెనీ సైట్‌లోనే తీసుకోండి, బాక్సులో ముందే పదాలు రాసున్న కాగితం వస్తే ఆ పదాలు ఇంకొకడి దగ్గర ఉన్నట్టే, రూపాయి కూడా పంపకుండా వెనక్కిచ్చెయ్యండి.