సెర్విక్స్ కొలతకు ఏ స్కాన్ మేలు: పొట్ట మీద నుంచా, లోపలి నుంచా?

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కని ఉరవకొండ, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుంచి అనంతపురం వచ్చే గర్భిణులు ఎక్కువగా బిడ్డ గుండె, కాళ్లు, చేతుల గురించే అడుగుతారు. గర్భసంచి ముఖద్వారం, అంటే సెర్విక్స్, ఎంత పొడవుందో అడిగేవాళ్లు తక్కువ. నెలలు నిండకముందే కాన్పు వచ్చే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడానికి పనికొచ్చేది ఆ కొలతే. 24 వారాల లోపు అది 25 మిల్లీమీటర్లకు తగ్గితే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

పొట్ట మీద నుంచి చూడటం సులువు. బిడ్డను చూసే స్కాన్‌లోనే అదీ అయిపోతుంది, మొహమాటం ఉండదు. కానీ పొద్దున్నే బస్సెక్కి, స్కాన్ అంటే నీళ్లు తాగాలని బాటిళ్లకు బాటిళ్లు తాగి వస్తారు. మూత్రం నిండుగా ఉంటే ఆ ఒత్తిడికి సెర్విక్స్ ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది. మూత్రం పోసి వస్తే సరిగా కనిపించకపోవచ్చు. బిడ్డ తల కిందికి ఉంటే అదొక అడ్డం. నాకు భయం వేసేది ఇక్కడే: పొట్టిగా ఉన్నది కూడా బాగానే ఉన్నట్టు రిపోర్టులోకి ఎక్కేస్తుంది.

లోపలి స్కాన్‌కు మూత్రం పోసి రమ్మంటారు. సన్నటి ప్రోబ్‌కు కండోమ్ తొడిగి, జెల్ రాసి, యోనిలో పెడతారు. అది సెర్విక్స్ లోపలికి వెళ్లదు. సెర్విక్స్ పై నోటి నుంచి కింది నోటి దాకా కొలిచి, కాసేపు ఆగి మళ్లీ కొలుస్తారు. సరిగా వచ్చిన కొలతల్లో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

"లోపల పెట్టేది వద్దు మేడం, బిడ్డకు ఏమన్నా అయితే ఎట్ల?" అని అత్తలు అడ్డుపడతారు. ఒకసారి కడుపు పోయిన ఇంట్లో ఆ భయం మరీ ఎక్కువ, అది అర్థం చేసుకోవాల్సిందే. అయితే ఈ స్కాన్ వల్ల అబార్షన్ కాదు. ఇందులో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు. మాయ కిందికి ఉన్నవాళ్లకు కూడా జాగ్రత్తగా ఇదే చేస్తారు.

స్కాన్ బదులు వేలితో పరీక్ష చేస్తే సెర్విక్స్ పై నోటి దగ్గర మొదలయ్యే మార్పు తెలియదు.

ఇంతకు ముందు ఏ ఇబ్బందీ లేక, పొట్ట మీద నుంచే స్పష్టంగా కనిపించి, కొలత బాగుంటే డాక్టరు అంతటితో సరిపెట్టవచ్చు. ముందు నెలలు తక్కువ కాన్పు అయినవాళ్లు, నాలుగైదు నెలల్లో కడుపు పోయినవాళ్లు, సెర్విక్స్‌కు ఆపరేషన్ జరిగినవాళ్లు మాత్రం లోపలి స్కానే చేయించుకోవాలి. ఇందులో రాజీ వద్దు. పొట్టిగా ఉందని తేలితే యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మందు ఉంది, కొందరికి సెర్విక్స్‌కు కుట్టు వేస్తారు. మంచం దిగకుండా పడుకోబెట్టడం వల్ల మాత్రం కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు.

రిపోర్టులో "సెర్విక్స్ నార్మల్" అని మాత్రమే ఉంటే, ఎన్ని మిల్లీమీటర్లు, ఎట్లా కొలిచారు అని అడగండి. స్కాన్ చేసేది మగ డాక్టరైతే ఒక ఆడమనిషిని తోడు ఉంచమని అడగండి.