అమ్మానాన్నలతో ఒక్కరోజు: బాత్‌కా, యార్క్‌కా?

ఏప్రిల్ వచ్చిందంటే ఇంగ్లండులో ఉండే మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అమ్మావాళ్ళు వస్తున్నారు. లండన్ ఎలాగూ చూపిస్తాం. ఇంకో ఊరు ఒక్కరోజులో చూపించి తీసుకురావాలంటే బాత్ మేలా, యార్క్ మేలా?" పోయినేడు మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెండు వారాల తేడాతో రెండూ తిరిగాం. అప్పటినుంచి అడిగిన ప్రతివాళ్ళకీ విడిగా టైప్ చేసి పంపడమే పనైపోయింది. అందుకే ఇదంతా ఒక్కచోట.

ముందే చెప్తున్నా, ఇది పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నది. కొత్తగా పెళ్ళైన జంటలు ఇంకేమీ ఆలోచించకుండా బాత్‌కి వెళ్ళండి. థర్మే బాత్ స్పాలో మేడమీద కొలను ఉంటుంది, వేడినీళ్ళలో మెడదాకా మునిగి ఊరంతా చూడొచ్చు. మా అమ్మ దగ్గర స్విమ్ సూట్ మాట ఎత్తే ధైర్యం మాకు లేకపోయింది.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్న కాజీపేటలో బొగ్గింజన్ల కాలంలో, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, రైలు డ్రైవర్‌గా రిటైరైన మనిషి. నా తీర్పు మీద ఈ రెండింటి ప్రభావం ఉంది, దాచడమెందుకు.

దూరం సంగతికొస్తే బాత్‌దే గెలుపు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి గంటన్నర లోపే. మేం ఉండేది రెడింగ్‌లో కాబట్టి మాకు గంట ప్రయాణం. యార్క్ అంటే కింగ్స్ క్రాస్ నుంచి రెండు గంటలు. మాకు లండన్ దాకా పోవడం, అక్కడ స్టేషన్ మారడం అదనం. పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి పదికి ఇల్లు. రెండింటిలో ఎక్కడికి వెళ్ళినా పెద్దవాళ్ళకి సీనియర్ రైల్‌కార్డు తీసుకోండి. అరవై దాటితే చాలు, ఇక్కడ నివాసం ఉండనక్కర్లేదు, పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు. టికెట్‌లో మూడోవంతు తగ్గుతుంది. ఇంకో రెండు ఊళ్ళు తిరిగారంటే కార్డు డబ్బులు వచ్చేసినట్టే.

బాత్‌లో అసలు సరుకు రోమన్ల స్నానఘట్టం. భూమిలోంచి 46 డిగ్రీల వేడితో నీళ్ళు ఉబికి వస్తాయి, రోజుకి పదకొండు లక్షల లీటర్ల పైచిలుకు. రెండువేల ఏళ్ళ కిందట రోమన్లు దాని చుట్టూ కోనేరు కట్టి, పక్కనే సూలిస్ మినర్వా అనే అమ్మవారికి గుడి కట్టారు. మనవాళ్ళకి ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. గుడి, కోనేరు, మొక్కుబడి, చిల్లర నాణేలు... అమ్మ మెట్లు దిగుతూనే "మన లెక్కనే ఉన్నరు గదా" అంది. పెద్ద కోనేరులో నీళ్ళు పచ్చగా ఉంటాయి. రోమన్ల కాలంలో పైన కప్పు ఉండేది, ఇప్పుడు ఎండ పడి పాచి పెరుగుతోంది. చెయ్యి పెట్టకూడదు. 1978లో ఆ నీళ్ళలోని అమీబా వల్ల ఒక అమ్మాయి చనిపోయాక, పాత కొలనుల్లో స్నానాలు ఆపేశారు. చివర్లో మాత్రం శుద్ధి చేసిన ఊట నీళ్ళు రుచి చూడ్డానికి ఇస్తారు. నాన్న ఒక గుక్క తాగి మొహం ముడిచారు. అమ్మ తీర్థం పట్టినట్టు అరచేతిలో పోయించుకుని, తాగి, చెయ్యి తలకి రాసుకుంది.

కానీ అక్కడ అమ్మ ఎక్కువసేపు నిలబడింది కోనేటి దగ్గర కాదు, శాపాల రేకుల దగ్గర. సీసం రేకుల మీద అమ్మవారికి మొర గీకి, చుట్ట చుట్టి ఊటలో పడేసేవారట. 130 దాకా దొరికాయి. చాలావరకూ దొంగతనాల గొడవలే, స్నానానికి దిగినప్పుడు ఒడ్డున పెట్టిన బట్టలు పోయాయని. దోసిమెడిస్ అనే ఒకాయనకి రెండు చేతి తొడుగులు పోయాయి. తీసినవాడికి మతి పోవాలి, కళ్ళు పోవాలి, అదీ అమ్మవారి గుళ్ళోనే పోవాలి అని రాశాడు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ "వాని కండ్లు పోను" అని ఆ రోమన్ ఆయన తరఫున తనూ ఒకటి తగిలించింది. ఇంకొన్ని రేకుల్లో "మగవాడైనా ఆడదైనా, బానిసైనా స్వతంత్రుడైనా" అని దొంగ తప్పించుకోకుండా అన్ని దారులూ మూసేశారు, మన దస్తావేజు లేఖరి రాసినట్టు.

ఇక్కడిదాకా బాత్‌కి వంకపెట్టడానికి లేదు. టికెట్ ఖరీదే, వేసవిలో, శని ఆదివారాల్లో మరీ. అయినా దండగ అనిపించదు. సమస్యంతా అక్కణ్ణించి బయటికి వచ్చాక. అప్పటికి పన్నెండున్నర అయింది. మిగిలిన రోజంతా ఏం చూడాలి?

రాయల్ క్రెసెంట్. ఫొటోలు అందరూ చూసే ఉంటారు, నెలవంకలా వంగిన తేనెరంగు రాతి వరస, ముప్పై ఇళ్ళు, 1767 నుంచి 1774 దాకా కట్టారు. నిజంగానే అందం. కాకపోతే స్టేషనూ స్నానఘట్టమూ పల్లంలో ఉన్నాయి, ఇది ఎత్తున ఉంది. గే స్ట్రీట్ ఎక్కాలి, ఆ వీధి చూస్తే మెట్లు లేని తిరుమల దారి. అమ్మ మూడుచోట్ల ఆగింది. వాన మొదలైంది. పైకి చేరి గొడుగు కింద నిలబడి చూశాం. ఒక నిమిషం అయ్యాక అమ్మ అడిగింది, "గింత దూరం నడిపిచ్చి గోడ చూపెడ్తివా బిడ్డా? లోపలికి పోయేది లేదా?"

లేదని కాదు, ఒకటో నంబరు ఇంటిని మ్యూజియం చేశారు, దానికి వేరే టికెట్. కానీ అమ్మ మాటలో అసలు విషయం ఉంది. ఆ క్రెసెంట్ కట్టిన తీరే అంత. వాస్తుశిల్పి జాన్ వుడ్ కొడుకు ముందు గోడని మాత్రం ఒక్క తీరుగా గీశాడు. కొనుక్కున్నవాళ్ళు ఆ గోడలో కొంత ముక్క కొని, వెనకాల ఎవరికి నచ్చిన ఇల్లు వాళ్ళు కట్టించుకున్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే కిటికీకీ కిటికీకీ పొత్తు ఉండదు. సర్కస్ అనే గుండ్రటి ఇళ్ళ వరసా బయటినుంచి చూసేదే. పల్ట్నీ వంతెనా అంతే, అటూ ఇటూ కొట్లున్న వంతెన, ఒడ్డున నిలబడి ఫొటో తీసుకోవాలి. స్నానఘట్టం, దాని పక్కన బాత్ అబ్బే అనే పాత చర్చి తప్పిస్తే బాత్ మొత్తం బయటినుంచి చూసే ఊరు. నడవగలిగేవాళ్ళకి, ఎండ కాసిన రోజున అదే దాని గొప్ప. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి, వానలో, మధ్యాహ్నం రెండింటికి? నదీ ఒడ్డున పరేడ్ గార్డెన్స్‌లో కూర్చుందామంటే దానికీ బయటివాళ్ళకి టికెట్టే. చివరికి స్టేషన్ బెంచీ మీద పులిహోర డబ్బా విప్పాం.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు నేను ఇప్పుడు చూసేది ఇదొక్కటే. వాళ్ళు ఎన్నిచోట్ల లోపలికి వెళ్ళగలరు, ఎన్నిచోట్ల కూర్చోగలరు? అందం, చరిత్ర రెండూళ్ళకీ సమానంగానే ఉన్నాయి.

యార్క్ సమతలం. స్టేషన్‌లో దిగి వెనకవైపుకి నడిస్తే పది నిమిషాల్లోపే నేషనల్ రైల్వే మ్యూజియం. 1975లో తెరిచారు, ప్రవేశం ఉచితం. మేం అనుకున్నదేమిటంటే ఒక గంట చూసి, యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి వెళ్ళిపోదామని. పదకొండింటికి లోపలికి వెళ్ళినవాళ్ళం రెండున్నరకి బయటపడ్డాం.

మాలర్డ్ అక్కడే ఉంది. 1938 జూలై 3న గంటకి 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్లు వెళ్ళిన నీలం ఇంజను. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. నాన్న దాన్ని చూసి తలాడించి ముందుకి పోయారు. ఆయన్ని ఆపేసింది ఎల్లర్‌మన్ లైన్స్ అనే ఇంజను. దాన్ని పొడుగునా పక్కనుంచి కోసి పెట్టారు, గుమ్మడికాయ కోసినట్టు. ఫైర్‌బాక్స్, బాయిలర్ గొట్టాలు, సిలిండర్, పిస్టన్ అన్నీ బయటికి కనిపిస్తాయి. నాన్న ఎన్నో ఏళ్ళు ఆ ఇనుప డొక్కలోకి బొగ్గు ఎగేశారు గానీ, లోపల ఇలా ఉంటుందని పుస్తకం బొమ్మల్లోనే చూశారట. మంట ఎక్కడ పుడుతుంది, పొగ గొట్టాల్లోంచి ఎలా పోతుంది, నీళ్ళు ఎక్కడ మరుగుతాయి, ఆవిరి మళ్ళీ వేడెక్కి సిలిండర్‌కి ఏ దారిన వస్తుంది, అన్నీ వేలు పెట్టి చూపిస్తూ మా ఆయనకి పాఠం మొదలుపెట్టారు. బొగ్గు ఒక్కచోట కుప్ప పోస్తే మంట చస్తుందట, పలచగా నాలుగు మూలలకీ చల్లాలట. అక్కడ వాలంటీరుగా ఉన్న ఒక ముసలాయన ఇది గమనించి దగ్గరికి వచ్చాడు. నాన్న ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయన యార్క్‌షర్ యాస మాకే అర్థం కాదు. ఇద్దరూ చేతుల్లో లేని పార పట్టుకుని బొగ్గు ఎత్తి పోసుకున్నారు. మణికట్టు తిప్పే తీరు దగ్గర తేడా వచ్చినట్టుంది, చెరో రెండుసార్లు చూపించుకున్నారు.

ఇంకో మూల చైనా ఇంజను ఒకటుంది, పక్కన నిలబడితే మనిషి చక్రం దగ్గరే ఆగిపోతాడు. అది తయారైంది లాంకషర్‌లోని వల్కన్ ఫౌండ్రీలో. 1853లో బొంబాయి నుంచి ఠాణేకి నడిచిన మన తొలి రైలుకి కట్టిన ఇంజన్లూ ఆ ఫౌండ్రీ నుంచి వచ్చినవే. ఆ పేరు చూడగానే నాన్న ఆగిపోయారు. అమ్మ ఈలోగా జపాన్ బులెట్ రైలు పెట్టె ఎక్కి, కిటికీ పక్క సీట్లో హాయిగా చెప్పులు విప్పి కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. నాకు యార్క్ నచ్చింది బహుశా ఆ క్షణంలోనే.

రైళ్ళంటే ఆసక్తి లేని నాన్నల సంగతేమిటని అడుగుతారు. వాళ్ళకీ ఇంత పెద్ద కప్పు కింద, వానకి తడవకుండా, డబ్బు కట్టకుండా, కూర్చుని చూసేది ఇంకోటి ఇంగ్లండులో లండన్ బయట వెతుక్కోవాల్సిందే.

తర్వాత యార్క్ మిన్‌స్టర్. ఇప్పుడున్న కట్టడం 1220 ప్రాంతంలో మొదలై 1472లో పూర్తయిందని చెప్తారు. తూర్పు గోడకి టెన్నిస్ కోర్టంత రంగు గాజు కిటికీ ఉంది, సృష్టి మొదలు నుంచి ప్రళయం దాకా బొమ్మలు. జాన్ థార్న్‌టన్ అనే పనివాడికి మూడేళ్ళు గడువిచ్చారు, సమయానికి ముగిస్తే పది పౌండ్లు బహుమానం. 1405లో మొదలుపెట్టి 1408లో ముగించి ఆ పది పౌండ్లూ పట్టుకుపోయాడు. టికెట్ కొని చూడొచ్చు. కానీ టికెట్ లేని దారి ఒకటుంది. చాలా రోజులు సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే ప్రార్థన జరుగుతుంది, దానికి ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోవచ్చు. ముప్పావుగంట సేపు గాయకులు పాడతారు, ఆ రాతి కప్పు కింద గొంతులు తేలుతూ ఉంటాయి. కిటికీలన్నీ తిరిగి చూడనివ్వరు, ఫొటోలు తియ్యకూడదు. మా అమ్మకి అదే నచ్చింది, భజన అయ్యాక లేచినట్టు మెల్లగా లేచింది. వేళలు రోజును బట్టి మారతాయి, ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఊరి చుట్టూ కోటగోడ రెండు మైళ్ళు, ఉచితమే. కానీ పెద్దవాళ్ళని మొత్తం నడిపించకండి, మెట్లు నిటారు, చాలాచోట్ల లోపలివైపు చేతికి పట్టు కూడా ఉండదు. ఒక చిన్న ముక్క ఎక్కి దిగితే చాలు. గోడకున్న ద్వారాలని అక్కడ "బార్" అంటారు, వీధుల్ని "గేట్" అంటారు, ఈ గేట్ అన్న మాట వైకింగుల భాష నుంచి వచ్చింది. మికిల్‌గేట్ బార్ అన్న బోర్డు చూసి నాన్న "పొద్దుగాల్నే తెరుస్తరా?" అని అడిగారు. మధ్యాహ్నం తిండికి మ్యూజియం గార్డెన్స్ ఉంది, పాడుబడ్డ మఠం గోడల మధ్య పచ్చిక. పెరుగన్నం అక్కడ తిన్నాం, టికెట్ లేదు. షాంబుల్స్ ఒకప్పటి మాంసం కొట్ల వీధి, కొక్కేలు ఇంకా వేలాడుతుంటాయి, పది నిమిషాలు చాలు. జార్విక్ వైకింగ్ సెంటర్‌లో బండిలో కూర్చోబెట్టి, ఆనాటి ఊరుని దాని కంపుతో సహా చూపిస్తారు. పిల్లలుంటే వెళ్ళండి.

మిగతా ఊళ్ళ గురించీ అడుగుతారు కాబట్టి: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో కాలేజీల తలుపులు కొన్ని రోజులు మూసేసి ఉంటాయి, తెరిచినా చాలావాటికి విడివిడిగా టికెట్. లెక్కల మాస్టార్లెవరైనా వస్తే కేంబ్రిడ్జ్ తీసుకెళ్ళండి, రామానుజన్ ఉన్న ట్రినిటీ ముందు ఫొటో దిగుతారు. స్టోన్‌హెంజ్, బాత్ కలిపి ఒకే రోజులో చూపించే బస్సు ప్యాకేజీలు వద్దు. సగం రోజు బస్సులోనే పోతుంది.

కాబట్టి నా ఓటు యార్క్‌కే. రైలు దూరం ఒప్పుకుంటే. రెడింగ్, స్విండన్, బ్రిస్టల్ వైపు ఉండి, పొద్దున్నే లేవలేని ఇల్లైతే బాత్ పెట్టుకోండి. స్నానఘట్టం చూసి, అబ్బేలో కాసేపు కూర్చుని, క్రెసెంట్ జోలికి పోకుండా మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొచ్చేయండి. క్రెసెంట్ చూసి తీరాలంటే టాక్సీ పట్టండి.

అమ్మ మాత్రం నాతో ఏకీభవించదు. కాజీపేటలో ఎవరు వచ్చి "మీ బిడ్డ ఏం చూపెట్టింది?" అని అడిగినా బాత్ కథే మొదలుపెడుతుందట. మొన్న ఫోన్‌లో కూడా అడిగింది, ఆ చేతి తొడుగులాయనకి అవి చివరికి దొరికినయా అని.