రోమన్లు, తొలి క్రైస్తవులు, స్వలింగ సంబంధాలు: ఈ ఆడియో కోర్సు తప్పక వినండి

ఈ టాపిక్ మీద నెట్‌లో వెతికితే రెండే రకాల మాటలు దొరుకుతాయి, ఒకళ్ళేమో రోమన్లకి ఏదైనా ఓకే, చర్చి వచ్చాకే ద్వేషం మొదలైంది అంటారు, ఇంకొకళ్ళేమో రోమ్ అంతా విచ్చలవిడిగా ఉంటే క్రైస్తవులొచ్చి దారిలో పెట్టారంటారు. ఈ ఆడియో కోర్సు రెండిట్నీ పక్కన పెట్టి అసలు ఆ కాలం వాళ్ళు ఏం రాశారో అక్కడి నుంచి మొదలెడుతుంది, అందుకే చివరిదాకా విన్నా, కొన్ని లెక్చర్లు మళ్ళీ మళ్ళీ విన్నా.

మొదటి భాగం రోమన్ల గురించే, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. రోమ్‌లో మగవాడు మగవాడితో ఉన్నాడా అన్నది పెద్ద విషయం కాదు, ఎవరి హోదా ఏంటి, ఎవరు ఎవర్ని వాడుకున్నారు అన్నదే విషయం. పౌరుడు తన పైచేయి పోగొట్టుకోకుండా బానిసతోనో వేశ్యతోనో ఉంటే ఎవరూ పట్టించుకోరు, అదే పౌరుల ఇంటి పిల్లాడి జోలికెళ్తే నేరం, పౌరుడే అవతలివాడికి లొంగాడని తెలిస్తే ఇక ఊరంతా ఎగతాళి. హటేరియస్ అనే వక్త ఒక కేసులో మాట్లాడుతూ ఇలాంటి సంబంధం స్వేచ్ఛగా పుట్టినవాడికి నేరం, బానిసకి తప్పనిసరి, విడుదలైన బానిసకి యజమాని పట్ల బాధ్యత అన్నాడంట, ఆ మాట మీద రోమ్‌లో జోకులు కూడా వేసుకున్నారంట. అది విన్నాక రోమన్లు ఓపెన్ మైండెడ్ అని ఎవరన్నా అంటే నాకు కోపమే వస్తుంది, ఆ బానిస కుర్రాడికి వద్దు అనే హక్కే లేదు కదా, దాన్ని స్వేచ్ఛ అని ఎలా అంటాం?

తర్వాత తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు దగ్గరికి వస్తుంది. బైబిల్లో ఉన్న రోమీయులకు ఉత్తరం ఆయన రాసింది సుమారు క్రీ.శ. 57లో, అప్పటికి ఆయన రోమ్ చూడనే లేదు. విగ్రహాలకి మొక్కడం వల్లే జనం ఇలాంటి కోరికల్లో పడ్డారనే వాదన ఆయన సొంతంగా పుట్టించింది కాదని, అంతకుముందే యూదుల జ్ఞానగ్రంథంలో దాదాపు ఇదే వరస ఉందని లెక్చరర్ గారు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. మగవాళ్ళ మధ్య సంబంధం మీద మోషే ధర్మశాస్త్రం లేవీయకాండంలోని నిషేధం ఎలాగూ ఉంది, దాని మీద గ్రీకు ఫిలాసఫీ వచ్చి కలిసింది. ప్రకృతికి విరుద్ధం అనే మాట గ్రీకు తత్వవేత్త ప్లేటో చివరి రోజుల రచన లాస్ (చట్టాలు)‌లోనే ఉంది. పౌలు కాలం వాడే, క్రైస్తవంతో ఏ సంబంధం లేని స్టోయిక్ అనే తత్వశాఖ గురువు ముసోనియస్ రూఫస్ అయితే సెక్స్ పెళ్ళిలోనే ఉండాలి, అదీ పిల్లల కోసమే అనేవాడు, యజమాని తన బానిస పిల్లతో పడుకోవడం కూడా తప్పే అన్నాడు, ఇదే పని ఇంటి యజమానురాలు మగ బానిసతో చేస్తే ఊరుకుంటారా అని అడిగాడు. అలెగ్జాండ్రియాలో ఫైలో అనే యూదు పండితుడు మోషే ధర్మాన్నీ ఈ ఫిలాసఫీనీ అప్పటికే కలిపేసి రాస్తున్నాడు. అంటే తొలి క్రైస్తవులకి ఇదంతా చాలావరకు రెడీగా దొరికింది. 200 ప్రాంతంలో అదే ఊళ్ళో క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు పిల్లల కోసం కాని సెక్స్ అంతా తప్పే అని రాశాడంటే, అందులో ముసోనియస్ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

మరి క్రైస్తవులు మార్చిందేంటి? కోర్సు చెప్పేదేంటంటే, హోదా లెక్క తీసేసి పని లెక్క పెట్టారు. అవతలివాడు బానిసా పౌరుడా అన్నది ఇక సాకు కాదు, పనే పాపం. నాకు ఈ పాయింట్ దగ్గర మనసు రెండుగా చీలిపోయింది. 150 తర్వాత జస్టిన్ అనే క్రైస్తవ రచయిత చక్రవర్తికి రాసిన లేఖలో, పారేసిన పసిపిల్లల్ని తీసుకెళ్ళి ఆడామగా తేడా లేకుండా వ్యభిచారంలోకి దింపుతున్నారని గట్టిగా అడిగాడు, ఆ బాధ నిజమైంది. కానీ పని లెక్క వచ్చాక ఇష్టపడి కలిసున్న ఇద్దరు పెద్దవాళ్ళూ, కుర్రాడిని పాడుచేసినవాడూ ఒకే గాట కట్టేయబడ్డారు, దాని ఫలితం ఎన్ని శతాబ్దాలు మనుషుల మీద పడిందో ఆలోచిస్తే తట్టుకోవడం కష్టం.

హేడ్రియన్ చక్రవర్తి ప్రేమించిన కుర్రాడు ఆంటినస్ మీద లెక్చర్ కూడా మిస్ కావద్దు. 130లో అతను నైలు నదిలో చనిపోతే హేడ్రియన్ అతని పేరున ఊరు కట్టి దేవుణ్ణి చేశాడు, క్రైస్తవుల్ని విమర్శించే సెల్సస్ మీరు యేసుకిచ్చే గౌరవం కూడా ఇలాంటిదే అన్నాడు, క్రైస్తవ పండితుడు ఆరిజెన్ దానికి జవాబు రాయాల్సొచ్చింది. ఈ విషయంలో క్రైస్తవుల మాటల్లో అంత వేడి ఎందుకుందో అక్కడ కొంత అర్థమవుతుంది.

ఇక నచ్చనివి. చట్టాల భాగం మరీ పరుగు. 390లో థియోడోసియస్ చక్రవర్తి చట్టం మొదట రోమ్‌లోని మగ వేశ్యాగృహాల మీద వచ్చింది, దాన్ని 438 నాటి చట్టాల సంకలనంలో కుదించి పెట్టినప్పుడు వేశ్యాగృహాల మాట ఎగిరిపోయి శిక్ష ఇంకా చాలామందికి వర్తించేలా తయారైంది. ఎంత పెద్ద మలుపు ఇది, దాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తే ఎలా? ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కరువులకీ భూకంపాలకీ ఇలాంటి సంబంధాలే కారణమన్న సంగతి కూడా అలాగే తేలిపోయింది. ఆడవాళ్ళ గురించి అయితే పౌలు ఉత్తరంలో మాట వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి వెళ్ళిపోయారు. ఆడియో క్వాలిటీ బాగుంది, సబ్‌టైటిల్స్‌లో మాత్రం పేర్లు సగం తప్పులే, సపోర్ట్‌కి రాస్తే ఆటోమేటిక్ రిప్లై తప్ప ఏమీ రాలేదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. మీరు విశ్వాసులైనా కాకపోయినా, గే అయినా కాకపోయినా వినొచ్చు, ఎవర్నీ చిన్నచూపు చూడకుండా చెప్పారు. వినేవాళ్ళు రోమన్ల భాగం మాత్రం స్కిప్ చేసి పౌలు దగ్గరికి దూకకండి, అది లేకపోతే తర్వాతదంతా సగమే అర్థమవుతుంది.