రాయగడలో మా అమ్మ దురదకు చూపించిన చర్మవైద్యశాల

మా అమ్మకు ఎడమ చీలమండ పైన అరచేయంత మేర చర్మం మూడేళ్లుగా నల్లబడి, మందమై, రాత్రయితే నిద్రపోనివ్వని దురదగా మారింది. ఒడిశాలోని గుణుపురంలో ఒక మందుల దుకాణంవారు తామర అనుకుని ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గేది, ఆపిన వారానికి రెట్టింపై తిరిగి వచ్చేది. అందులో గాఢమైన స్టెరాయిడ్ (వాపును, దురదను అణిచే మందు) కూడా కలిసి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. చివరకు రాయగడలో ఒక చర్మవైద్యశాలకు తీసుకువెళ్లాను. నాలుగు నెలల్లో మూడుసార్లు వెళ్లిన మీదట ఇది రాస్తున్నాను.

డాక్టరుగారు ముందుగా మందుల సంగతి కాక, ఎప్పుడు గోకుతారు, దేనితో గోకుతారు అని అడిగారు. అమ్మ కాస్త సిగ్గుపడి, "వంటిల్లు సర్దీసి మంచమెక్కినాక మొదలవుతాది బాబూ. గోళ్లు సాలక దువ్వెనతో గోకీస్తాను. అప్పుడు హాయిగుంటాది" అంది. ఆయన ఆమె చేయి అందుకుని గోళ్లను దీపం కిందికి తిప్పి నాకు చూపించారు. అవి అద్దంలా మెరుస్తున్నాయి. ఏళ్ల తరబడి చర్మానికి రాసుకుని అలా నునుపెక్కాయట. రోజూ ఆ చేతి అన్నం తింటున్న నేను అది ఎన్నడూ గమనించలేదు.

తరువాత ఆయన చెప్పిన విషయం కోసమే ఈ వైద్యశాలను మెచ్చుకుంటున్నాను. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డానియల్ కాప్లన్ బృందం 2025లో ప్రచురించిన పరిశోధనలో, చెవికి అలర్జీ కలిగించిన ఎలుకల్లో కొన్నింటికి గోక్కోలేకుండా మెడకు పట్టీలు వేశారు. గోక్కున్న ఎలుకల చెవులు బాగా వాచి, వాటిలో రోగనిరోధక కణాలు గుమిగూడగా, పట్టీ వేసిన వాటిలో వాపు చాలా తక్కువగా ఉంది. గోకినప్పుడు చర్మంలోని నొప్పి నరాలు సబ్‌స్టెన్స్ పి అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అప్పటికే అలర్జీతో రేగి ఉన్న మాస్ట్ కణాలను, అంటే చర్మంలో వాపు పుట్టించే రోగనిరోధక కణాలను, అది మరింత రెచ్చగొడుతుంది. అంటే గోకుడు దురదకు ఫలితం మాత్రమే కాదు, వాపును పెంచే కారణం కూడా. గోకడం వల్ల చర్మానికి సోకే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తగ్గిందనీ, అంటే గోకుడుకు కొంత మేలూ ఉందనీ అదే పరిశోధనలో తేలింది కనుక, అమ్మ చెప్పిన హాయిని డాక్టరుగారు తీసిపారేయలేదు. అయితే ఆమె విషయంలో లాభం కంటే నష్టమే ఎక్కువన్నారు. ఇవి ఎలుకలపై ఫలితాలని కూడా ఆయనే గుర్తుచేశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇంటికి వచ్చాక మరికొంత చదివాను. హార్వర్డ్‌లో ఐజాక్ చియు బృందం 2023లో, ఇదే బ్యాక్టీరియా వదిలే వి8 అనే ఎంజైము నరాలను నేరుగా తాకి దురద పుట్టిస్తుందని, అదీ ప్రధానంగా ఎలుకల్లోనే, చూపింది. నరాలు, రోగనిరోధక కణాలు, సూక్ష్మజీవులు ఒకే చర్మంలో ఇంతగా ముడిపడి ఉంటే, ఒక్క ట్యూబుతో మూడేళ్లు నెట్టుకొచ్చిన మా పొరపాటు ఎక్కడుందో అర్థమైంది.

చికిత్సలో పరిమిత కాలానికి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, స్నానం చేసి తుడుచుకున్న వెంటనే వాజిలీన్, రాత్రిపూట తడి నూలుగుడ్డ చుట్టి పైన పొడిగుడ్డ కట్టడం, గోళ్లు కత్తిరించడం ఉన్నాయి. జిల పుట్టగానే గోకకుండా చల్లని గుడ్డతో అదిమి పట్టమన్నారు. మొదటి పది రోజులూ అమ్మ చాలా అవస్థ పడింది. ఆరో వారానికి రాత్రి నిద్ర పట్టింది. నాలుగో నెలకు చర్మం మెత్తబడింది, నలుపు మాత్రం ఇంకా పోలేదు.

లోపాలూ ఉన్నాయి. టోకెను తీసుకున్నా రెండు గంటలు కూర్చోవాలి, ఆడవాళ్లు కాలు చూపించడానికి తెర సరిగా లేదు. సూచనల కాగితం ఒడియా, ఇంగ్లీషు భాషల్లోనే ఇస్తారు. వచ్చేవారిలో తెలుగువారు ఇంతమంది ఉన్నప్పుడు తెలుగులో కూడా ఒక కాగితం అచ్చువేయించడం పెద్ద పని కాదు. నర్సమ్మ ఓపికగా తెలుగులో చదివి వినిపించింది గాని, తడిగుడ్డ ఎంతసేపు ఉంచాలన్నది అమ్మ ఇంటికి చేరేసరికే మరిచిపోయింది.

ఫీజు నాలుగు వందలు, పదిహేను రోజుల్లోపు మళ్లీ చూపిస్తే తీసుకోరు. వెళ్లేవారు ఇంతకుముందు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. ఆయన ఒక్కొక్కటీ తిప్పి పేరు చదివిన తరువాతే మందు రాస్తారు.