బిగ్ డాల్ హౌసా, కేజ్డ్ హీటా: ముందు ఏది చూడాలి?

డెబ్భైల నాటి ఆడవాళ్ళ జైలు సినిమాల సంగతి ఎత్తితే చాలు, చివరికి అందరూ అడిగేది ఒకటే: "ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?" అడిగేవాళ్ళకు సరుకేమిటో తెలుసు. కొత్త ఖైదీ వస్తుంది, రాక్షసిలాంటి వార్డెన్ ఉంటుంది, స్నానాల గది, కొట్లాట, చిత్రహింస, ఆఖరున పారిపోవడం. ఏది పెట్టుకున్నా ఇవి తప్పవు. నా లెక్కలో గట్టి పోటీ రెండింటి మధ్యే. ఒకటి జాక్ హిల్ తీసిన 'ద బిగ్ డాల్ హౌస్' (1971), రెండోది జొనాథన్ డెమీ మొదటి సినిమా 'కేజ్డ్ హీట్' (1974). రెండింటినీ విడుదల చేసింది రోజర్ కోర్మన్ కంపెనీ న్యూ వరల్డ్ పిక్చర్సే. పోయిన నెల రెండూ వెంట వెంటనే మళ్ళీ చూశాను.

సరదాగా సాగిపోవడం ముఖ్యమనుకుంటే బిగ్ డాల్ హౌస్‌కే ఓటు. ఫిలిప్పీన్స్‌లో చవగ్గా తీశారు. ఆ పచ్చదనం, ఉక్కపోత, బురద తెర మీద నిజంగా కనిపిస్తాయి. బురదలో పామ్ గ్రియర్, రాబర్టా కాలిన్స్ కలబడే సీను ఈ తరహా సినిమాలన్నిటికీ గుర్తుగా మిగిలిపోయింది. గ్రియర్‌కి చెప్పుకోదగ్గ మొదటి వేషం ఇదే. సినిమాలో వినిపించే 'లాంగ్ టైమ్ వుమన్' పాట కూడా ఆమే పాడింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత దర్శకుడు క్వెంటిన్ టారంటినో ఆమెనే హీరోయిన్‌గా పెట్టి 'జాకీ బ్రౌన్' తీసినప్పుడు ఈ పాటను మళ్ళీ వాడుకున్నాడు. జైలుకి సరుకులు తెచ్చే హ్యారీగా సిడ్ హేగ్ కనిపించినంతసేపూ సినిమాకి కొత్త ఊపిరి వస్తుంది. నటుల్లో ఆ జోరు కేజ్డ్ హీట్‌లో లేదని ఒప్పుకోవాల్సిందే.

అయినా నా ఓటు కేజ్డ్ హీట్‌కే. కంచె దాటినవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం.

బిగ్ డాల్ హౌస్‌లో బయటపడే దారిలో ఒక్కొక్కరే రాలిపోతారు. మిగిలేది కొలియర్ అనే ఖైదీ ఒక్కతే. రోడ్డెక్కి, వచ్చే బండిని ఆపి ఎక్కుతుంది. ఆ నడిపేవాడు ఆమెను తిరిగి జైలుకే తీసుకుపోతున్నాడు. దెబ్బ గట్టిగానే తగులుతుంది, కాదనను. కానీ గంటన్నరసేపు ఆ ఆడవాళ్ళు పడ్డ బాధంతా చివరికి ఒక మెలికకు పనికొచ్చిందన్నమాట. వాళ్ళు ఒకరికొకరు ఏమయ్యారన్న ప్రశ్నే సినిమాకి పట్టదు.

కేజ్డ్ హీట్‌లో తప్పించుకున్నవాళ్ళు వెనక్కి వస్తారు. లోపల జైలు డాక్టర్ చేతిలో చిక్కుకున్న తమవాళ్ళ కోసం తుపాకులు పట్టుకుని అదే గేటు దాటి లోపలికి వస్తారు. ఇది హఠాత్తుగా పుట్టిన వీరత్వం కాదు, డెమీ ముందునుంచీ విత్తనాలు వేస్తూ వచ్చాడు. పాండోరా అనే ఖైదీని తిండి లేకుండా చీకటి కొట్లో పడేస్తే, తోటి ఖైదీ బెల్ ఎవరి కంటా పడకుండా ఆమెకు తిండి చేరవేస్తుంది. ఆ బెల్‌గా వేసింది అక్కడ బురదలో కలబడిన రాబర్టా కాలిన్సే. ఒకే నటి అక్కడ తన్నులాడుతుంది, ఇక్కడ పక్కదాని ఆకలి తీరుస్తుంది. రెండు సినిమాల మధ్య తేడా నాకు అక్కడే దొరికింది.

వార్డెన్ సంగతీ చెప్పాలి. ఇటాలియన్ హారర్ సినిమాలతో పేరు తెచ్చుకున్న బార్బరా స్టీల్ ఇక్కడ చక్రాల కుర్చీలో కూర్చున్న మెక్‌క్వీన్. ఖైదీలు మగవేషాలు కట్టి ముతక జోకులతో ప్రదర్శన ఇస్తే ఆమె కోపంతో వణికిపోతుంది. తర్వాత కలలో ఆమే కాళ్ళ మీద నిలబడి, ఆ ఖైదీల ముందే క్యాబరే చేస్తుంది. ఒక్క కలతో ఆ దుర్మార్గురాలు మనిషైపోయింది. బిగ్ డాల్ హౌస్ వార్డెన్‌కి ఇలాంటి క్షణం ఒక్కటీ లేదు. దీనికి తోడు జాన్ కేల్ సంగీతం, టాక్ ఫుజిమోటో కెమెరా. పదిహేడేళ్ళ తర్వాత 'ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్'కి డెమీ పక్కన కెమెరా పట్టింది కూడా ఫుజిమోటోనే.

రెండింటిలోనూ ఆడవాళ్ళ ఒంటిని సరుకులా చూపించే సీన్లున్నాయి. అమ్ముకోవడానికే పెట్టారు, కేజ్డ్ హీట్‌కీ మినహాయింపు లేదు. అవి చూడలేమనుకునేవాళ్ళు రెండూ మానేయడమే మంచిది.

మిగతావాటిలో, గ్రియర్ వార్డర్‌గా చేసిన 'విమెన్ ఇన్ కేజెస్' (1971) ఆమె కోసం మాత్రమే. 'బ్లాక్ మామా వైట్ మామా' (1973)లో జైలు కాసేపే, మిగతాదంతా ఇద్దరి చేతులకూ ఒకే గొలుసుతో పరుగు. ఓపిక ఉంటే చూడండి.

జపాన్‌లో టోయే కంపెనీ తీసిన 'ఫీమేల్ ప్రిజనర్ 701: స్కార్పియన్' (1972)ని ఈ వరసలో కలపను. మెయికో కాజీ పెద్దగా మాటల్లేకుండా కళ్ళతోనే నడిపిన ఆ సినిమా స్థాయి వేరు. అమెరికా సినిమాలు ఒకటి రెండు చూశాక దానికి ఒక రాత్రి విడిగా పెట్టుకోండి. ముందే చూస్తే ఇవి రెండూ చప్పగా అనిపిస్తాయి.