తలంటా, ఉప్పునీళ్ళా, బకెట్టా: ఒంటి అలుపుకి ఏది మేలు?

శ్రీకాకుళంలో ఉద్యోగం, విజయనగరంలో కాపురం. సాయంత్రం ఏడున్నరకి కాంప్లెక్సులో బస్సు దిగేసరికి మెడా, నడుమూ, పిక్కలూ నావి కానట్టుంటాయి. ఇంటికొచ్చి నాలుగు చెంబులు పోసుకుంటే గానీ మనిషిని కాను. ఆ పోసుకునేదేదో తీరుబడిగా, ఒళ్ళు తేలికపడేలా పోసుకుందామని ఈ చలికాలం తెలిసిన పద్ధతులన్నీ చేసి చూశాను.

టబ్బు సంగతి ముందే తేల్చేస్తాను. మడతపెట్టుకునే ప్లాస్టిక్ టబ్బు, 150 లీటర్లది, ఆన్‌లైన్లో తెప్పించాను. మా గీజరు 15 లీటర్లది. ట్యాంకు నీళ్ళు 25 డిగ్రీలుంటాయనుకుంటే, 60 డిగ్రీలకి కాగిన 15 లీటర్లలో 20 లీటర్ల చన్నీళ్ళు తొరిపితే ఒంటికి పట్టే 40 డిగ్రీల నీళ్ళు 35 లీటర్లొస్తాయి. అంటే టబ్బు నిండాలంటే గీజరు నాలుగుసార్లకి పైనే కాగాలి. నాలుగోసారి కాగేసరికి మొదట పోసినవి చల్లారిపోయాయి. ఈలోగా కింద వాటా ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. "ఏటమ్మా, ఏటి సేత్తన్నావు? టేంకీ కాళీ అయిపోనాది!" ఇప్పుడు ఆ టబ్బులో మాసిన దుప్పట్లు వేస్తున్నాం.

తరవాత ఎప్సమ్ ఉప్పు. పేరుకి ఉప్పే గానీ అది మెగ్నీషియం సల్ఫేటు. ఇంగ్లండులో ఎప్సమ్ అనే ఊళ్ళో ఊటనీళ్ళలోంచి మొదట తీశారు కాబట్టి ఆ పేరొచ్చింది. మెగ్నీషియం చర్మంలోంచి ఇంకి కండరాల నొప్పి లాగేస్తుందని చెబుతుంటారు, దానికి గట్టి రుజువైతే లేదు. మా అమ్మ ప్యాకెట్టు ధర చూసి, "ఓలమ్మ, కాళ్ళెట్టుకోడానికి ఇంత డబ్బా? నౌపడలో కొటార్లు కొటార్లు ఉప్పు పండుతాది కదే" అంది. పంతమొచ్చి రెండు చిన్న బకెట్లు తెచ్చాను. ఎడంకాలు ఎప్సమ్ ఉప్పులో, కుడికాలు కల్లుప్పులో, పావుగంట. రెండు కాళ్ళూ ఒకేలా ఎర్రబడ్డాయి, ఒకేలా తేలికపడ్డాయి. మర్నాడు ఉప్పే లేని వేణ్ణీళ్ళతో కూర్చున్నాను. అదే సుఖం. పనిచేసేది వేడే అని నాకు నమ్మకం కుదిరింది. ఒక్క జాగ్రత్త: షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఈ కాళ్ళ బకెట్టు జోలికి పోవద్దు. నీళ్ళు కాలుతున్నా వాళ్ళకి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

ఇక మామూలు బకెట్టు స్నానం. ఇందులో నేనిన్నాళ్ళూ చేసిన తప్పు వేళ. పదిన్నరకి పోసుకుని సరాసరి మంచమెక్కేదాన్ని, పన్నెండైనా నిద్ర పట్టేది కాదు. 2019లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలు కూడదీసి చూస్తే తేలిందేమిటంటే, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు, 40 నుంచి 42 డిగ్రీల నీళ్ళతో పది నిమిషాలు చేసినా నిద్ర త్వరగా పడుతుంది. వేణ్ణీళ్ళకి అరచేతులకీ అరికాళ్ళకీ రక్తం ఎక్కువ చేరి, లోపలి వేడి బయటికి పోతుంది. అలా ఒళ్ళు లోపల చల్లబడే వేళకే నిద్ర ముంచుకొస్తుంది. ఇప్పుడు ఎనిమిదిన్నరకి పోసుకుంటున్నాను. ఇరవై లీటర్ల బకెట్టుకి రాడ్డు అరయూనిట్టు కూడా తాగదు. ప్లగ్గు పీకి, రాడ్డు బయటికి తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి, అంతే. ఫోను బయట, లైటు ఆర్పేసి, వరండా వెలుతురు తలుపు కింద నుంచి ఎంత వస్తే అంత. పీట మీద కూర్చుని మెడ వెనక చెంబుతో పోసుకుంటుంటే ఆ నీళ్ళ బరువు వెన్ను మీంచి జారుతుంది. షవరులో ఆ బరువుండదు. చినుకులకి ఒళ్ళు తడుస్తుంది గానీ అలుపు పోదు.

వీటన్నిటికీ పైన తలంటు. నువ్వులు విరివిగా పండే నేల మనది, కాబట్టి గానుగ నూనెకి లోటు లేదు. అమ్మ నూనె గిన్నెని వేణ్ణీళ్ళలో నిలబెట్టి వెచ్చజేస్తుంది. మాడు మీద ఇంత పోసి అరచేత్తో చరుస్తుంటే ఆ చప్పుడు పుర్రె లోపల వినిపిస్తుంది. "తల వొంచు గుంటా" అంటే ఉద్యోగం, పిల్లల చదువులు, ఈఎంఐ అన్నీ ఆ వంచిన తలలోంచి కిందికి దిగిపోతాయి. అరగంట నానాక సున్నిపిండి. పెసలూ, బియ్యం, కచ్చూరాలూ బరకగా పట్టించినదే నూనెని పట్టుకు లాగుతుంది. మెత్తగా పట్టిస్తే జిడ్డు ముద్దలా ఒంటికే అంటుకుంటుంది. తలకి కుంకుడు. మా బోరు నీళ్ళకి సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. కుంకుడురసానికి ఆ ఇబ్బంది లేదు, చవుడు నీళ్ళలోనూ నురగొస్తుంది. కంట్లో పడిందా, నాలిక మీద ఉప్పుకల్లు వేసేది అమ్మ. మంట దేనివల్ల తగ్గేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది.

తలంటుకి చిక్కల్లా రెండు గంటల వేళా, బాత్రూమంతా జారే నూనే, ఇంకో మనిషి చేతులూ కావాలి. ఒక్కదాన్నీ అంటుకుని చూశాను. చేతులు నొప్పెట్టాయి, ఉన్న అలుపుకి ఇంకొంచెం తోడైంది. అందుకే నా లెక్కలో రోజువారీకి బకెట్టే మేలు. నడిచి నడిచి పాదాలు లాగిన రోజున కాళ్ళ బకెట్టు, దాన్లో కల్లుప్పు వేసినా సరే, వెయ్యకపోయినా సరే. తలంటు అమ్మ ఉన్నప్పుడే.

ఈ ఆదివారం వస్తానంది. కుంకుడుకాయలు ఎండలో పోశాను, ఇంకా గింజలు తియ్యాలి.